నారేపి పిడి

పొద్దున లేచి మొహం కడుక్కోకముందే శ్రీశైలమ్మ లక్క కుండ మూత తీసి వాసన చూస్తుంది. స్పిరిటులో నానేసిన లక్క బాగా కరిగిందీ లేనిదీ ఆమెకు ముక్కే చెప్తుంది. తర్వాత బరింక ఆకులు నీళ్లలో వేస్తుంది. గరుకుగా, పిల్లి నాలుకలాగా ఉండే ఆ ఆకుతో రుద్దితే ఎంత మొండి కొయ్యైనా నునుపు తేలుతుంది. ఆ తర్వాతే మొగుడు పుల్లయ్యకు సంగటి ముద్ద మూటగట్టి పలకల గనికి పంపిస్తుంది. ఆయన రాయి తీస్తాడు, ఈమె ఆ రాయికి చుట్టూ కట్టే కొయ్యకు మెరుగు పెడుతుంది. మార్కాపురంలో మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పలకతోనే బతకటం కొత్తేమీ కాదు.

అయితే ఈమె దగ్గరికి పలకలొక్కటే కాదు, ఊళ్లో కొయ్యన్నదల్లా వచ్చేది. తలుపులు, ఉయ్యాలలు, మంచం కోళ్లు, కచేరీ బెంచీలు. రైలుపెట్టెలకు రంగు వేసే మేస్త్రీ ఒకాయన ముసలితనంలో వీళ్ల పంచలో ఉండి పోయినాడు. రంగు కలపటం, పాలిషు పట్టటం ఆయన దగ్గర నేర్చింది. మగవాడికి ఒక్క పని చేతనైతే ఇంటి ముందర బోర్డు కడతాడు. శ్రీశైలమ్మకు బోర్డు లేదు. అరుగు మీద ఆమె గొంతే బోర్డు.

ఆమె పాలిషు పెట్టిన కొయ్య, లక్క ఆరి గట్టిపడినాక, తాను చెట్టుగా నిలబడిన చోటుకు మళ్లుతుంది. దోర్నాల టేకుతో చేసిన తలుపులు పడమటికే తెరుచుకుంటాయి, కాబట్టి ఊళ్లో వాళ్లు వాటికి రాయి అడ్డం పెట్టుకుంటారు. బళ్లో పలకల చట్రాలన్నీ గిద్దలూరు కొండల కొయ్య. పిల్లకాయలు వాటిని వరసగా పెట్టి పోతే, తెల్లారేసరికి అన్నీ ఒకే మూలకు మొహం తిప్పి ఉంటాయి. దావీదు పంతులు దాంతోనే దిక్కుల పాఠం చెప్పేవాడు. సబ్ కలెక్టరు కచేరీలో కక్షిదారుల బెంచీకి నాలుగు కాళ్లకూ ఇటుకలు అడ్డం ఉన్నాయంటే అది కూడా ఇందుకే. చెక్క పట్టుకొని ఎవరొచ్చినా శ్రీశైలమ్మ మొదట అడిగేది ఒకటే మాట: "ఏ ఊరి కొయ్య?" చెప్పిన ఊరు బలపంతో వెనకవైపు రాసిస్తుంది. ఇంటికి తీసుకపోయినోళ్లు దాన్ని చూసి ఎట్ల పెట్టుకోవాలో పెట్టుకుంటారు. ఉప్పు తింటే దాహమైనట్టు, అదొక సంగతి.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం, ఎండలు ముదిరిన నెల. రేంజరు కోదండపాణి తువ్వాలలో ఒక వస్తువు చుట్టుకొని అరుగు ముందర నిలబడినాడు. కొండకింది అడివంతా తన జేబులో ఉన్నట్టు నడిచే మనిషి. వెనకాల ఫారెస్టు గార్డు నాగులు ఉన్నాడు.

"ఏమ్మే, ఇది చూడు" అని తువ్వాల విప్పినాడు.

గాలి తుపాకి. చేతిలో పట్టే చిన్నది. మందు గిందూ లేకుండా, లోపల స్ప్రింగు తోసిన గాలితోనే సీసపు గుండు వేస్తది. రైలు కట్టించిన తెల్ల ఇంజనీరు ఒకడు సీమకు పోతా పోతా అమ్మిపోయినాడంట. ఒళ్లంతా తుప్పు. దాని మీద ఎవడో తలుపులకేసే రంగు పూసినాడు, అది బొబ్బలు లేచి ఉంది. పిడికి రెండు పక్కల ఉండాల్సిన చెక్కల్లో ఒకటి పగిలింది, ఒకటి లేనే లేదు.

"ఈ తుపాకి నాకు తెలుసులే" అంది శ్రీశైలమ్మ, దాన్ని తిప్పి చూస్తా. "మా తమ్ముడి మేకల పిర్రల్లోంచి దీని గుండ్లు నేనే తీసినా. పోయిన నెల పదకొండు."

నాగులు నేల చూసినాడు. రేంజరు చూడలేదు. "రిజర్వులోకొస్తే కొట్టరా? లైను దాటొద్దని చెప్పినా."

"మేక దాటలేదు నాయనా. లైనే మేకను దాటి వచ్చింది."

ఆ మాట ఊరికే అన్నది కాదు. శ్రీశైలమ్మ పుట్టిల్లు పుల్లలచెరువుకు అవతల, అడివి అంచున, ఊటకుంట. ముప్పై ఇండ్లు, ముప్పై మందలు. ఊరికి నీళ్లంటే ఒకటే కుంట. సర్కారు పాత మ్యాపులో హద్దు ఒక పెద్ద నారేపి చెట్టు. చెట్టుకు పడమర అడివి, తూర్పున ఊరిది, కుంటతో సహా. పోయినేడు ఆ చెట్టు లేకుండా పోయింది. దానికి బదులు ఊరి ఇండ్లకు ఆనుకొని ఉన్న ఇంకో నారేపిని చూపించి, హద్దు ఇదేనన్నాడు రేంజరు. దాంతో కుంట అడివిలోకి పోయింది. వెదురు కంట్రాక్టరు బండ్ల ఎద్దులు అక్కడ నీళ్లు తాగుతున్నాయి, ఊరి మేకలు తాగితే బందెలదొడ్డి. ఇంకొక్క ఎండాకాలం ఇట్లనే పోతే ముప్పై ఇండ్లూ తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొని లేచిపోవాల్సిందే.

"ఆ గొడవ నీకెందుకు" అన్నాడు రేంజరు. "సెటిల్మెంటు దొర వస్తున్నాడు, పది రోజుల్లో. గీత ఖాయం చేసి సంతకం పెట్టిపోతాడు. ఆయనకు గురి కొట్టటం మహా ఇష్టం. దీన్ని కొత్తదాని మాదిరి చేసియ్యి. నేనాయనకు కానుకియ్యాల."

శ్రీశైలమ్మ తుపాకిని తువ్వాలలో పెట్టి వెనక్కి తోసింది. "నా చేతులు ఖాళీ లేవు."

"అట్లనా. నువ్వు కాసే లక్క ఎక్కడిది? అడివిది. పర్మిట్టు ఎవరిస్తారు?"

ఆమె కాసేపు ఆయన మొహాన్ని, పుచ్చిపోయిన కొయ్యను చూసినట్టు చూసింది. లక్క లేకపోతే తానొక్కతే కాదు, ఆ బజారులో పలకల చట్రాలు చేసే పది కొంపలు కూర్చుంటాయి. తువ్వాల మళ్లీ తన వైపుకు లాక్కుంది.

"పిడికి చెక్కలు కొత్తవి చెయ్యాల. కొయ్య ఎక్కడిది?"

"నాగులు తెచ్చిస్తాడు. కచేరీలో పడున్నాయి బోలెడు."

"ఏ చెట్టు, ఏ ఊరి కొయ్యో చెప్పి పంపించు."

"అడివిలో కొయ్యంతా సర్కారుదే. ఏ చెట్టయితే ఏంది?"

"మీ కచేరీలో నీ కుర్చీ నేను మెరుగు పెట్టిందే. దాన్ని నేలకు మేకులు కొట్టుకోని కూర్చుంటివి. మర్చిపోతివా?"

"అది కుర్చీ! ఇది రెండు చెక్క పేళ్లు. నడుమ శేరున్నర ఇనుము. రెండు పేళ్లు ఇనుమును లాగుతాయా?" రేంజరు నవ్వినాడు. చెట్టును చూస్తే ఆయనకు ఎన్ని ఘనపుటడుగులో కనిపిస్తుంది గానీ చెట్టు కనిపించదు.

"కొయ్య చిన్నదైనా కొయ్యే. తెలుసుకొని పెట్టించుకో అంటున్నా. తర్వాత నన్నంటే ఊరుకోను."

"చేసే పని చెయ్, చాలు" అని పోయినాడు.

సాయంత్రానికి నాగులు మోచేతి పొడుగు దుంగ ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టినాడు. కచేరీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది అది. నల్లగా, ఇనుమంత బరువు.

"ఏ ఊరి కొయ్యరా?"

"గట్టిగుందని తెచ్చినా అత్తా" అన్నాడు నాగులు, కాలి బొటనవేలితో నేల గీకుతా.

"నేనడిగింది గట్టితనం కాదు."

నాగులు నోరు విప్పలేదు. నోరు విప్పితే ఉద్యోగం పోయే మగవాడి మొహం ఎట్లుంటుందో శ్రీశైలమ్మకు తెలుసు. పో, అన్నట్టు చెయ్యి ఊపింది.

మర్నాడు మొదట ఇనుము పని పెట్టుకుంది. మరలు విప్పి, లోపలి స్ప్రింగు, గాలి తోసే తోలు బిళ్ల తీసి వేరే ముంతలో పెట్టింది. అవి వేడికి ఆగవు. మిగతా ఒళ్లంతా కిరసనాయిల్లో నాననిచ్చి, పాత రంగును చెంచా అంచుతో గీకేసింది. పలకల పొడి వస్త్రగాళితం పట్టి, నూనెలో కలిపి, కొబ్బరి పీచుతో రుద్దింది. మార్కాపురం పలకపొడి అంత మెత్తగా తుప్పును కొరికేది ఇంకొకటి లేదు. రుద్ది రుద్ది, అద్దం లాంటి ఉక్కు కనపడినాక, చింతపండు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టింది.

తమ్ముడు బాలయ్య వచ్చింది అప్పుడే. ముప్పై మైళ్లు నడిచి వచ్చినాడు. భుజాన ఒక మేకపిల్ల, దాని కాలుకు గుడ్డ కట్టు. ఎండలో మెరుస్తున్న తుపాకి చూసినాడు. మేకపిల్లను కింద పెట్టకుండానే అడిగినాడు.

"ఇదేంది అక్కా?"

"కనపడతలేదా?"

"వాడు దీంతోనే కదా కొట్టింది! దీనికి నువ్వు స్నానం చేయిస్తున్నావా? రంగు గూడా పూసి బొట్టు పెట్టి పంపియ్యి, ఈసారి మమ్మల్నే కొడతాడు."

"అరవకు. కాళ్లు కడుక్కో."

"ఎట్ల అరవకుండా ఉండేది? దొర వచ్చేది తొమ్మిది రోజుల్లో. మా నోటి మాట చెల్లదంట. ఆ చెట్టు ఇక్కడుండింది అంటే, చూపియ్యి అంటారు. ఏం చూపియ్యాల? మొద్దు గూడా లేకుండా కాల్చి, మన్ను పోసి, దున్నించి, పైన ఆముదాలు చల్లించినాడు. ఆముదం చేను అంతా ఒకటే మాదిరి ఉంది. నాకే చోటు తెలియటం లేదు, పుట్టినకాడ్నించి చూసినోడికి!" బాలయ్య మేకపిల్లను భుజానికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "ఇంక లేదక్కా. సంతకమైపోతే ఊరు లేదు."

శ్రీశైలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. మేకపిల్లను తీసుకొని, కాలు కట్టు విప్పి చూసి, పసుపూ నూనే రాసింది. తమ్ముడికి అన్నం పెట్టింది. తర్వాత, చేతులు ఊరికే ఉండలేక, నాగులు తెచ్చిన దుంగను ఒళ్లో పెట్టుకొని ఉలితో బెరడు లేపింది.

బెరడు కింద ఒక కుచ్చు వెంట్రుకలున్నాయి. ఎర్రవి, నల్లవి, తెల్లవి.

ఊటకుంట వాళ్లకు ఒక అలవాటుంది. ఏడాదిలో మొదట ఈనిన మేకపిల్లను పెద్ద నారేపి దగ్గరికి తీసుకపోయి, దాని వీపు చెట్టుకు రాపిస్తారు. చెట్టుకు మంద గుర్తుండాలని. ముత్తాతల నుంచీ ముప్పై ఇండ్లూ అదే చెట్టుకు రాపించినాయి. రాపిడికి ఊడిన వెంట్రుకలు బెరడు పగుళ్లలో ఇరుక్కుని, మీద కొత్త బెరడు పెరిగి లోపలే ఉండిపోయినాయి. శ్రీశైలమ్మ ఇంకో పేడు లేపింది. మళ్లీ వెంట్రుకలు. ఇంకొంచెం లోపలికి పోతే కొయ్య నుంచి పొదుగు వాసన వచ్చింది.

కట్టు విప్పించుకున్న మేకపిల్ల కుంటుకుంటా వచ్చి, ఎవరూ చెప్పకుండానే, ఆ దుంగకు వీపు రాపిడి పెట్టుకుంది.

బాలయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అక్కా... ఇది..."

"తిను" అంది శ్రీశైలమ్మ. "తిని పొద్దున్నే ఊరికి పో. దొర వచ్చే దాకా ఎవ్వరితోనూ జగడం పెట్టుకోవద్దని అందరికీ చెప్పు. నోళ్లు మూసుకొని ఉండమను. ముఖ్యంగా నువ్వు."

"మరి తుపాకి?"

"తుపాకికి పెళ్లికూతురికి చేసినంత ముస్తాబు చేస్తా చూడు."

ఆ ఎనిమిది రోజులు ఆమె చేసిన పని ఆ బజారులో చాలాకాలం చెప్పుకున్నారు. ఆవనూనె కాదు, అవిసె నూనె కాచింది. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసిని అందులో కలిపింది. మేక వెంట్రుకల కుంచెతో, ఊదితే ఎండేంత పల్చగా ఒక్క పూత వేసింది. గొట్టం రంధ్రంలోకి రంగు పోకుండా బంకమట్టి కూరింది. ఇనుమును తీగకు కట్టి కొత్త కుండలో వేలాడదీసి, మూత వేసి, కింద పిడకల నిప్పు పెట్టింది. వేడికి రంగు ఇనుములోకి కాలి దిగింది. చల్లారినాక మళ్లీ పలకపొడి, మళ్లీ పూత, మళ్లీ కుండ. అట్లా ఏడు పూతలు. ఆఖరికి ఆ నలుపులో మనిషి తన కంటి రెప్పలు లెక్కపెట్టుకోవచ్చు.

పిడి చెక్కలు ఇంకో ఎత్తు. నారేపికి ఉలి అంచు పోతుంది. మూడుసార్లు సాన పెట్టుకొని రెండు చెక్కలు చీల్చింది. రేంజరుది లావు చెయ్యి, కానీ ఆమె ఆ చేతిని తలచుకోలేదు. దొర చెయ్యి ఎట్లుంటదో, ఆయన డేరాల వెంట పోయే కచేరీ బంట్రోతును అడిగి తెలుసుకొని, ఆ అరచేతికి అమిరే ఒంపు తీసింది. జారకుండా సన్న కత్తితో అడ్డం నిలువూ గీతలు కోసింది, చేప పొలుసుల మాదిరిగా. బరింక ఆకుతో రుద్ది, గుడ్డ ఉండతో లక్క పట్టించింది. పొద్దున ఒక పూత, పొద్దుగూకే ముందు ఒకటి. ముదురు ఎరుపులో నల్ల చారలు లేచినాయి, కొయ్యలో నిప్పు తిరుగుతున్నట్టు. చెక్క వెనకవైపు బలపంతో ఎప్పటిలాగే ఊరు పేరు రాసింది. ఊటకుంట. రాసిన వైపు ఇనుముకు ఆనించి మర బిగించింది. ఎవరికి చదువుకోవాలనుంటే వాళ్లు విప్పి చదువుకుంటారు.

రేంజరు వచ్చి చూసినాడు. అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. బజారు చివరన ఉన్న దీపస్తంభానికి గురిపెట్టి చూసుకున్నాడు.

"సీమలో గూడా ఇట్ల రాదు" అన్నాడు.

"లక్క ఇంకా పచ్చిగుంది. రేపటికి గట్టిపడతది. మళ్లీ చెప్తున్నా, ఏ చెట్టుదో కనుక్కున్నావా?"

"నీకు చాదస్తం. రేపు నువ్వు గూడా రావాల. దారిలో బండి కుదుపుకు గీత పడితే దిద్దాల గదా. రంగు, కుంచె తెచ్చుకో."

"నన్ను రమ్మని నువ్వే పిలిచినావు, గుర్తుపెట్టుకో" అంది శ్రీశైలమ్మ, మరలు విప్పే పుల్లను రొండిన దోపుకుంటా.

ఊటకుంటకు పోయే దారంతా రేంజరు ఒళ్లో మఖమలు గుడ్డ పెట్టెలో తుపాకి ముందుకు ముందుకు తోసుకుపోతానే ఉంది. బండి వాటానికి అట్ల జరుగుతుందనుకున్నాడు. ఒకచోట ఎద్దులు ఆగితే, పెట్టె మాత్రం ఆగలేదు. ఆయన మోకాళ్లతో బిగించి పట్టుకొని, "దీనికి నాకన్నా తొందరగుంది" అని మురిసిపోయినాడు. వెనక బండిలో శ్రీశైలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఊటకుంటలో దొర డేరా వేసుకొని ఉన్నాడు. పొడుగాటి, ఎర్రటి మనిషి. మద్రాసులో పంతులు దగ్గర పుస్తకాలు పెట్టుకొని తెలుగు నేర్చినాడు గనక, ఆయన నోరు తెరిస్తే పురాణం చదివినట్టుండేది. ముప్పై ఇండ్ల జనం అవతల నేల మీద కూర్చోనున్నారు. చెప్పినట్టే ఎవరూ నోరెత్తలేదు. వాళ్ల వెనక మందలన్నీ నాలుకలు చాపి నిలబడినాయి. ఎదురుగా, నూరు బారల దూరంలో, కుంట తళతళలాడతా ఉంది.

పొద్దున్నుంచి గొలుసు లాగి కొలుస్తా ఉన్నారు. ఏనుగుబండ అనే రాతి నుంచి పెద్ద నారేపికి నలభై రెండు గొలుసులని మ్యాపు చెప్తుంది. రేంజరు చూపించిన చెట్టుకు ముప్పై ఒకటే వచ్చింది.

"ఇది ఎట్లు?" అని అడిగినాడు దొర.

"పాత కాలం గొలుసు పొట్టిది, సార్" అన్నాడు రేంజరు, రెప్ప వేయకుండా.

బాలయ్య లేచి నిలబడినాడు. "దొరా, ఆ చెట్టు మా నాయన నాటింది. దానికి నా వయసు గూడా లేదు. అసలు చెట్టు కుంటకు అవతలుండె."

"ఎచ్చట నుండెను? చూపుము."

బాలయ్య ఆముదం చేను వైపు చూసినాడు. చేనంతా ఒకటే పచ్చ. చెయ్యెత్తినాడు, ఎటు చూపాలో తెలియక దించినాడు.

"నిదర్శనము లేనిచో నేనేమి సేయగలను" అన్నాడు దొర. నిజంగానే బాధపడినట్టున్నాడు. మ్యాపు మీద కాగితం పరిచి కలం మూత తీసినాడు. ఊటకుంట ఆడవాళ్లలో ఒకామె ఏడుపు ఆపుకోలేక మొహానికి కొంగు కప్పుకుంది.

రేంజరు ఆత్రగాడు. సంతకమయ్యే దాకా ఆగి ఉంటే బాగుపడేవాడేమో. కానీ దొర మొహంలో ఆ బాధ చూసి, మనసు మళ్లించాలనుకున్నాడు. పెట్టె తెరిచి ముందర పెట్టినాడు.

"తమరి కోసం, సార్. చిన్న కానుక."

దొర కలం పక్కన పెట్టినాడు. తుపాకి చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్లు చిన్నపిల్లవాడివైనాయి. "ఆహా, ఏమి నునుపు! నా హస్తమునకే కొలిచినట్లున్నది." బంట్రోతు పోయి ఖాళీ బిస్కత్తు డబ్బాను రేంజరు చూపిన చెట్టు కొమ్మకు కట్టినాడు. దొర తూర్పు తిరిగి, కాళ్లు ఎడం చేసి, చెయ్యి చాపినాడు.

చెయ్యి పక్కకు పోయింది.

మళ్లీ చాపినాడు. మళ్లీ పోయింది. గుండు తుస్సుమని కుంట మీదుగా ఎటో పోయింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. తుపాకి మెల్లగా, గానుగెద్దు తిరిగినట్టు, ఆయన్ను కాళ్లతో సహా పడమటికి తిప్పింది.

"ఇది నన్ను ఈడ్చుచున్నది" అన్నాడు దొర. కోపం లేదు. తుపాకి పిడిని దగ్గరగా చూసినాడు. "ఈ కొయ్యకు మెరుగు పెట్టినది ఎవరు?"

"మార్కాపురం శ్రీశైలమ్మ, దొరా" అన్నాడు బంట్రోతు.

"ఓ. సబ్ కలెక్టరు కచేరీలో ఇటుకలు పెట్టిన బల్ల యామె. అట్లయిన సరియే." దొర రేంజరు వైపు తిరిగినాడు. "ఇది ఏ వృక్షపు కొయ్య?"

రేంజరు నోరు తెరిచినాడు. అప్పుడు చూసినాడు శ్రీశైలమ్మను, నాగులును, పడమటికి చాచి ఉన్న ఆ నల్లటి గొట్టాన్ని. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. "అడివి... అడివి కొయ్య, సార్."

"ఎవరినో అడగటమెందుకు దొరా" అంది శ్రీశైలమ్మ. "అది పోతానంటుంది గదా. వెంట పోండి."

దొర నడిచినాడు. ఆయన వెనక గొలుసు మనుషులు, వాళ్ల వెనక ముప్పై ఇండ్ల జనం, జనం వెనక మందలు. తుపాకి కుంట కట్ట ఎక్కించింది, దింపింది. ఆముదం చేలోకి తీసుకపోయింది. చేను నడుమ ఒకచోట దొర చెయ్యి ఠక్కున కిందికి వంగి, గొట్టం మట్టిలోకి దిగబడింది. మళ్లీ కదల్లేదు.

"ఇచ్చట త్రవ్వుడు."

ఎవరూ గడ్డపార తెచ్చే దాకా ఆగలేదు. చేతులతోనే తోడినారు. మూరెడు లోతున బొగ్గు, బొగ్గు కింద నాలుగు మూరల అడ్డం ఉన్న మొద్దు. పైన కాలి ఉంది గానీ వేళ్లు పచ్చిగా ఉన్నాయి. దొర గొలుసు పట్టించినాడు, ఏనుగుబండ నుంచి. ముప్పై ఒకటి దాటినాక జనం నోరు కట్టు తెగింది. గొలుసు మనిషితో పాటు ఊరంతా లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది! నలభై! నలభై ఒకటి! నలభై రెండో గొలుసు కొక్కెం మొద్దు అంచుకు తగిలి టింగుమంది.

ఆ కేక పుల్లలచెరువుకు వినపడిందంటారు.

"ఈ చెట్టును నరికినది ఎవరు?" అని అడిగినాడు దొర.

నాగులు నడుముకున్న గార్డు పటకా తీసి చేత పట్టుకొని ముందుకొచ్చినాడు. "నేనే కొట్టినా దొరా. కొట్టమంటే కొట్టినా. కాల్చమంటే కాల్చినా. ఆముదాలు గూడా నేనే చల్లినా." ఊపిరి పీల్చుకున్నాడు. "కొయ్య శ్రీశైలమ్మత్తకు ఇచ్చింది మాత్రం ఎవరూ చెప్పకుండానే ఇచ్చినా."

దొర కలం తెప్పించుకొని, అక్కడే, మొద్దు మీద కాగితం పెట్టి రాసినాడు. మొద్దుకు తూర్పున్నదంతా ఊరిది, కుంటతో సహా. సంతకం పెట్టినాడు. రేంజరు కోదండపాణి కర్నూలుకు వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలని కింద ఇంకో ముక్క రాసినాడు. తర్వాత మట్టిలో దిగబడి ఉన్న తుపాకిని పీకబోయినాడు. రాలేదు.

శ్రీశైలమ్మ మోకాళ్ల మీద కూర్చొని, రొండిన ఉన్న పుల్ల తీసి, మరలు విప్పింది. చెక్కలు రెండూ ఊడి మొద్దు మీద పడి, అమ్మ ఒళ్లోకి చేరిన పిల్లల్లాగా అట్లనే ఉండిపోయినాయి. బోడి ఇనుము తేలిగ్గా పైకి వచ్చింది. దాన్ని తుడిచి రేంజరు చేతిలో పెట్టింది.

"ఇనుము నీది. కొయ్య మాది. ఏడు పూతల రంగు మాత్రం ఊరికే ఇచ్చినా అనుకో."

మొద్దు పక్కన హద్దురాయి పాతాలన్నాడు దొర. రాయి దొరికింది, పాతినారు. దాని మీద నంబరు రాయాలి. గొలుసు మనుషుల దగ్గర రంగు లేదు. దొర అటూ ఇటూ చూసినాడు. శ్రీశైలమ్మ తన బండి మీద నుంచి రంగు ముంత, మేక వెంట్రుకల కుంచె తెప్పించింది.

"పాత్రను ఎవరైనను పట్టుకొనవలయును" అన్నాడు దొర, రేంజరు వైపు చూస్తా.

రేంజరు టోపీ చంకలో పెట్టుకొని, రెండు చేతులతో ముంత పట్టుకొని, రాయి పక్కన వంగి నిలబడినాడు. ఆయన వెనకాల నుంచి మందలు ఒకటొకటిగా కట్ట ఎక్కుతున్నాయి. ముందు మేకలు కుంటలో మోకాళ్ల లోతుకు దిగి మూతులు పెట్టినాయి. ముప్పై మందలు ఒకేసారి నీళ్లు తాగే చప్పుడు ఎట్లుంటదో ఆ ఊరి ఆడవాళ్లు ఏడాదికి మళ్లీ విన్నారు. బాలయ్య కట్ట మీద కూర్చొని, తలపాగ తీసి, ఊరికే నవ్వుతా ఉన్నాడు.

శ్రీశైలమ్మ కుంచె ముంచింది. రాతి మీద మొదటి అంకె నిలువుగా దించబోతూ, తల తిప్పి రేంజరు చేతుల వైపు చూసింది. ముంతలో రంగు అంచులకు తగిలి తొణుకుతుంది.

"గట్టిగా పట్టుకో నాయనా" అంది. "నీ చెయ్యి వణికితే నా గీత పక్కకు పోతది."